తర్షిచ్ గ్రామమును వూక్ కరాజిచ్ స్మృతియు

మహాపురుషులు పుట్టిన తావులను దర్శించుట మనవారు పూర్వమునుండియు పుణ్యకార్యముగా నెంచుచున్నారు. ఐతే పుణ్యము వేఱు, గ్రహణము వేఱు. దేవాలయమునకు పోయినవాడు మ్రొక్కి మరలివచ్చిన చాలును. గ్రంథకర్త పుట్టిన యింటికి పోయినవాడు ఆ యిల్లు తనకేమి చెప్పినదో, ఏమి చెప్పక విడిచినదో విచారింపవలెను. గ్రంథమునకు విమర్శనము ఉన్నట్లే స్మారకమునకును విమర్శనము ఉండుట యుక్తము. ఈ యభిప్రాయముతోనే మేము సెర్బియా దేశమున తర్షిచ్ అను పల్లెను చూచివచ్చిన సంగతిని చదువరుల యెదుట పెట్టుచున్నాము.

వూక్ స్తెఫానోవిచ్ కరాజిచ్ (1787–1864) సెర్బియను జనభాషకు వ్యాకరణమును, నిఘంటువును, నేటి లిపిని సమకూర్చినవాడు. జానపదగేయములను సేకరించి ఐరోపా పండితలోకమునకు ఎఱుకపఱచినవాడు. జనులు మాటలాడు భాషయే గ్రంథభాష కావలెనని యావజ్జీవము పోరాడినవాడు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి వాదములను చదివి పెరిగిన మావంటివారికి ఇట్టివాని ఊరు చూడవలెనను కోరిక పుట్టుట సహజము. అదియుగాక మేము ఇరువదియేండ్లుగా పాఠశాలలో సంస్కృతమును ఇంగ్లీషును బోధించుచున్నవారము. వ్రాత యొకటి, పలుకు వేఱొకటియైన ఇంగ్లీషు వర్ణక్రమమును పసివారి తలకెక్కించుటలోని కష్టము మాకు నిత్యానుభవము. వ్రాతను పలుకునకు సరిపఱచిన వాని చరిత్రము మాకు కేవలము వినోదము కాదు.

వేసవి సెలవులలో బెల్‌గ్రేడునుండి బస్సులో పడమరగా పయనమై, షాబాత్స్ పట్టణము మీదుగా లోజ్నిత్స చేరితిమి. దానికి దాపుననే ద్రీనా నది పాఱుచున్నది. నది కావల బోస్నియా దేశము. లోజ్నిత్సనుండి తర్షిచ్ కొద్దిమైళ్ల దూరము. కొండల నడుమ లోయ. లోయలో జెరావియా అను చిన్న యేఱు. ఏటి కిరువైపుల తోటలు, గడ్డినేలలు, అక్కడక్కడ కఱ్ఱయిండ్లు. పూర్వకాలపు పల్లె యెట్లుండెడిదో చూపుటకై ఈ భాగమును శ్రద్ధతో కాపాడుచున్నారు. సభలు జరుపుటకు ఆరుబయట మెట్లతో కట్టిన రంగస్థలము కలదు. భాషకును లిపికిని ప్రత్యేకముగా నెలకొల్పిన ప్రదర్శనశాల యొకటి కలదు. ఏటేట సెప్టెంబరు మాసమున వూక్ పేర మహాసభ జరుగును. విద్యార్థులకు వేఱుగా వసంతమున నొక సభ కలదు.

వూక్ పుట్టిన యిల్లని చూపెడు కట్టడము దూలములతో నిర్మింపబడినది. ఇంటి కప్పు నిటారుగా లేచి చెక్కపెంకులతో కప్పబడియున్నది. లోపల రెండే భాగములు: పొయ్యి గల సావడి యొకటి, పడకగది యొకటి. స్తెఫాన్, యెగ్దా అను దంపతులకు ఇక్కడ 1787లో ఈ బిడ్డ పుట్టెను. అప్పటి కా సీమ తురుష్కుల యేలుబడిలో నుండెను. అంతకుముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. అందుచే ఈ శిశువునకు వూక్ అని, అనగా తోడేలు అని, పేరు పెట్టిరి. పసికందులను తినెడు మంత్రగత్తెలు తోడేలు జోలికి రారని అక్కడివారి నమ్మకము. దక్కని సంతానమునకు పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టుకొను మన తల్లులను ఎఱిగినవారికి యెగ్దా మనసు వేఱుగ వివరింప నక్కఱలేదు.

బాలుని విద్యాభ్యాసమును అట్టిదే. చోత్రిచ్ అను చుట్ట మొకడు అక్షరములు చెప్పెను. కాగితము లేక తూటాలకు చుట్టిన కాగితములమీద, సిరా లేక తుపాకిమందు నీట కలిపి, రెల్లుపుల్లతో వ్రాయుట నేర్చెనని చెప్పుదురు. తరువాత సమీపమున నున్న త్రోనోషా మఠమునకు చదువుకై పంపిరి. అక్కడ చదువునకు బదులు పశువులను కాయుపని తగిలెను. పశువులు కాయుటకు మఠమే కావలెనా, ఇంటను ఉన్నవి గదా యని తండ్రి కొడుకును మరల తీసికొనిపోయెను. నేడు సెర్బియాలో అన్ని తరగతులలోను అన్ని పాఠ్యాంశములందును అగ్రశ్రేణిలో నుత్తీర్ణులైన విద్యార్థులకు వూక్ పేరనే యోగ్యతాపత్రము నిచ్చుచున్నారు. బడి సరిగా దొరకని వాని పేరు బడిపిల్లల కెల్ల గౌరవచిహ్న మగుటలో నొక న్యాయము కలదు; కొంత పరిహాసమును కలదు.

ఇక విమర్శనమునకు వత్తము. మేము చూచిన యిల్లు వూక్ పుట్టిన యిల్లు కాదు. 1804లో సెర్బులు తురుష్కులపై తిరుగబడిరి. ఆ కల్లోలమున ఊరు తగులబడెను, ఇల్లు కాలిపోయెను. నేటి గృహము పాత పునాదిపై 1933లో కట్టబడినది. 1964లో మరణశతాబ్ది సందర్భమునను, 1987లో జన్మద్విశతాబ్ది సందర్భమునను చుట్టుపట్లనున్న భాగములు ఏర్పాటు చేయబడినవి. ఇందు మోసమేమియు లేదు; ఎవరును దాచుటలేదు. కాలిపోయినదానిని ప్రేమతో మరల కట్టుకొనుట తప్పును కాదు. ఐనను చూచువాని మనసుపై ఈ కట్టడము వేయు ముద్ర మాత్రము విచారింపదగినది. పొయ్యి, దూలములు, కొండగాలి, ఏటి చప్పుడు, ఇవన్నియు కలిసి యొక కథ చెప్పును: స్వచ్ఛమైన పల్లె, దానియందు స్వచ్ఛమైన భాష, ఆ భాషను నోట పట్టుకొని లోకమునకు పోయిన పల్లెబిడ్డ. ఈ కథ వినుటకు ఇంపుగా నున్నది. ఐతే ఇది సగము సత్యము. రెండవ సగము ఈ లోయలో జరుగలేదు గనుక లోయ దానిని చూపజాలదు.

ఆ రెండవ సగమునకు పూర్వరంగము కొంత చెప్పవలెను. పదునెనిమిదవ శతాబ్దమున ఆస్ట్రియా చక్రవర్తి యేలుబడిలో నున్న సెర్బులే ఆ జాతిలో చదువుకొన్నవారు. 1726లో మాక్సిమ్ సువోరోవ్ అను రష్యా ఉపాధ్యాయుడు స్రేమ్‌స్కి కార్లోవ్త్సికి వచ్చి పాఠశాల తెఱచెను. అతని వెంట రష్యాలో అచ్చుపడిన మతగ్రంథములును వచ్చెను. ఆ గ్రంథముల స్లావానిక్ భాష చర్చిలో నిలిచెను. దానిని వాడుకమాటలతో కలిపి, ఎవరికి తోచిన పాలు వారు కలుపుకొని, వ్రాసిన మిశ్రభాష పుస్తకములలో నిలిచెను. నూఱేండ్లు నిండకమునుపే అది పెద్దల భాష, పవిత్రభాష, తాకరాని భాష యయ్యెను. పూర్వాచారమని మనము పూజించుదానిలో ఎంత భాగము తాతగారి కాలముననే ఎరువు తెచ్చుకొన్నదో విచారించిన ఆశ్చర్యము కలుగును. దొసితేయ్ ఒబ్రాదోవిచ్ (మరణము 1811) వంటి ఉదారులు జనులకు తెలియు భాషలో వ్రాయవలెనని ముందే పలికియుండిరి. ఆ పలుకునకు వ్యాకరణమును, నిఘంటువును, లిపిని సమకూర్చినవాడు మాత్రము వూక్.

తిరుగుబాటు అణగిపోయిన 1813వ సంవత్సరమున వూక్ వియన్నా నగరము చేరెను. అప్పటికే రోగమువలన ఒక కాలు ముడుచుకొనిపోయి కఱ్ఱకాలితో నడుచుచుండెను. అక్కడ యెర్నేయ్ కోపితార్ అను స్లోవేను పండితుడు స్లావు భాషల పుస్తకములకు ప్రభుత్వపరీక్షకుడుగా నుండెను. ముద్రణ నాపుటకు నియమింపబడినవాడే ముద్రణకు ప్రేరకు డయ్యెను. అతని ప్రోత్సాహమున వూక్ 1814లో చిన్న జానపదగేయ సంపుటమును, వాడుకభాషకు మొదటి వ్యాకరణమును ప్రకటించెను. 1818లో 26,270 మాటలకు జర్మను, లాటిను అర్థములు గల నిఘంటువు వెలువడెను. 1852లో దాని రెండవ కూర్పు 47,427 మాటలకు పెరిగెను. ఈ సంఖ్యలను త్వరగా చదివి విడువరాదు. ముప్పదినాలుగేండ్లలో ఇరువదియొక్కవేల పైచిలుకు మాటలు చేరినవనగా, ఒక్కొక్క మాటను ఎవరినోటనో విని, అడిగి, సరిచూచి, వ్రాసికొనుట యని యర్థము.

మాట కావలసినవాడు వైయాకరణుని యింటికి పోయి చేయించుకొనడని చూపుటకు పతంజలి మహర్షి కుమ్మరి దృష్టాంతము నిచ్చియున్నాడు. కుండ కావలసినవాడు కుమ్మరివద్దకు పోవును గాని, మాటలు లోకముననే ఉన్నవి. సంస్కృత వైయాకరణులు రెండువేలయేండ్లనాడే ఒప్పుకొన్న ఈ సంగతిని చెప్పినందుకే వూక్ స్వజనులచే ద్రోహి యనిపించుకొనవలసి వచ్చెను.

ఆయన లిపిసంస్కారము ఒక్క వాక్యమున చెప్పదగినది: ఒక ధ్వనికి ఒక అక్షరము, ఒక అక్షరమునకు ఒక ధ్వని. పలికినట్లు వ్రాయవలెనను సూత్రము ఆడెలుంగ్ అను జర్మను పండితునిది. దానిని మినహాయింపులు లేక నడిపించినవాడు వూక్. పదాంతమున ఊరక నిలిచి పలుకబడని యెర్ అను గుర్తును తీసివేసెను; ధ్వనిలేని పాత యక్షరములను పెక్కింటిని విడిచెను; ళ్య, న్య వంటి మెత్తని ధ్వనులకు జంట గుర్తులను కలిపి ఒంటి యక్షరములు చేసెను; యకారధ్వనికి లాటిను లిపినుండి యొక అక్షరమును గైకొనెను. మన వర్ణమాల నేర్చినవారికి ఇందేమి వింత యని తోచవచ్చును. ఇంగ్లీషు బోధించువారి కట్లు తోపదు. మేము ప్రయాణమునకు ముందు కొన్ని రాత్రులు కూర్చుండి ఆ ముప్పది యక్షరములు నేర్చితిమి. భాష రాదు, ఐనను లోజ్నిత్సలో దుకాణముల పేరుపలకలను, తర్షిచ్‌లో దారిచూపు గుర్తులను తడబడక పైకి చదువగలిగితిమి. మేము చదివిన పేరు విని దారిపోవు వృద్ధురాలొకర్తె చేయిచాచి త్రోవ చూపెను. ఆ యక్షరములు మాచే చెప్పించిన ధ్వని ఆమెకు అర్థమయ్యెను. అదియే మాకు వూక్‌తో జరిగిన మొదటి పరిచయము.

ఇంత సులభమైనదానికి ఎంత విరోధము! కార్లోవ్త్సి మతాధిపతి స్తెఫాన్ స్త్రాతిమిరోవిచ్ దీనిని మతమునకు ముప్పుగా నెంచెను. లాటిను లిపినుండి వచ్చిన ఆ యొక్క అక్షరమును చూపి, ఇది సెర్బులను కాథలిక్కులుగా మార్చు పన్నుగడ యని పలికినవారు పలువురు. నిఘంటువునందు జనులు వాడు బూతుమాటలును చేరుటచే అది వేఱొక అపవాద మయ్యెను. యొవాన్ హాజిచ్ వంటి విద్వాంసులు ఏండ్లతరబడి ఖండనములు వ్రాసిరి. అన్నిటికంటె చిత్రమైనది స్వదేశపు ప్రభువు చేసినపని. సెర్బియాను విముక్తినొందించిన మిలోష్ ఒబ్రెనోవిచ్ స్వయముగా చదువను వ్రాయను రానివాడు. అట్టివాడు 1832లో తన రాజ్యమున వూక్ వర్ణక్రమముతో పుస్తకములు అచ్చువేయరాదని నిషేధించెను. ఆ నిషేధము అంచెలంచెలుగా సడలి, 1868లో పూర్తిగా తొలగెను. అప్పటికి వూక్ మరణించి నాలుగేండ్లు.

ఐనను పండితవాదమున గెలుపు 1847లోనే తేలినదని చరిత్రకారు లందురు. ఆ యేట వూక్ క్రొత్త నిబంధనను వాడుకభాషలోనికి తెచ్చి ప్రకటించెను. జురో దానిచిచ్ అను యువకుడు శాస్త్రరీతిని విరోధుల వాదములను ఖండించెను. బ్రాంకో రాదిచెవిచ్ కవితాసంపుటమును, న్యేగోష్ మహాకావ్యమును జనభాషలో వెలువడినవి. తర్కము కంటె కావ్యము బలమైన సాక్షి. ఈ భాషలో కవిత్వము రాదన్న వారికి కవిత్వమే సమాధానము చెప్పెను.

ఇంతవరకు చెప్పినది పలువురు చెప్పినదే. మాకు తర్షిచ్‌లో నిలిచియుండగా తట్టిన విషయము వేఱు. పలికినట్లు వ్రాయవలె నన్నప్పుడు, ఎవరు పలికినట్లు? వూక్ మొదట ఈ ప్రశ్న వేసికొనలేదు. తన యింట, తన యూర వినినదే ప్రమాణమని తలచెను. ఆ పలుకుబడిలో హకారము లేదు. రొట్టెకు పేరైన హ్లేబ్ వంటి మాటలలో ఆదిహకారమును అక్కడివారు పలుకరు. కావున 1818 నిఘంటువున హకారమునకు అక్షరమే లేదు. తరువాత 1834లో ఆయన దక్షిణముగా పోయి మాంటినీగ్రోలోను, అడ్రియాటిక్ సముద్రతీరపు పట్టణములలోను సంచరించెను. అక్కడి జనులు హకారమును చక్కగా పలుకుచుండిరి. 1836లో ప్రకటించిన సామెతల గ్రంథమునందు హకారమునకు అక్షరమును చేర్చెను. అట్లే 1839లో తన సీమ పలుకుబడిలోని మఱియొక విశేషమును, దకార తకారములు యకారము సోకి మెత్తబడుటను, వ్రాతనుండి విడిచెను.

ఇది చిన్న సంగతి కాదని మా యభిప్రాయము. ఏబదవ యేటికి సమీపించినవాడు, ఇరువదియేండ్లుగా ఒక సిద్ధాంతమునకై మాటలు పడినవాడు, తన తల్లి పలుకని యక్షరమును ఇతరుల నోట విని తన లిపిలో చేర్చుకొనెను. శత్రువులు దీనిని ఓటమి యని నవ్వియుండవచ్చును. మేము దీనినే ఆయన జీవితమున నుత్తమఘట్ట మనుకొందుము. అప్పుడే ఆయన తర్షిచ్ కుఱ్ఱవాడుగా నుండుట మాని ఒక జాతిభాషకు వ్యాకరణకర్త యయ్యెను. పల్లెను ప్రేమించుట సులభము. పల్లె తనకు తెలిసిన లోకము కంటె చిన్నదని యొప్పుకొనుట కష్టము. పుట్టినయిల్లు మొదటిదానిని మాత్రమే చూపగలదు.

ఇంకను చెప్పిన, ఆ యూరి పలుకే నేటి సెర్బియా ప్రమాణభాష యని తలచువారు పొరబడుదురు. తన నిఘంటువునకు వూక్ పెట్టిన పేరులోని పదము ర్యేచ్‌నిక్. నేడు బెల్‌గ్రేడులో ఆ పదమును రేచ్‌నిక్ అందురు. ఆయన ఎన్నుకొన్న ఉచ్చారణపద్ధతి బోస్నియా, మాంటినీగ్రోలలో నిలిచెను గాని సెర్బియాలో చాలవఱకు నిలువలేదు. సంస్కర్తను నెత్తిన పెట్టుకొన్న దేశమే ఆయన పలికినట్లు పలుకుటలేదు. ఐనను ఆయన లిపి ఉభయులకును సరిపోవుచున్నది. పలుకు మారినప్పుడు వ్రాతయు దానివెంట నడువవలె నన్నదే సూత్రమైనయెడల, ఇది సూత్రభంగము కాదు, సూత్రవిజయమే.

వినుట యనగానే గాయకులు జ్ఞప్తికి వత్తురు. ఇంటిలో గుస్లె అను ఒంటితంత్రి వాద్యమును చూచి యాత్రికులు ముచ్చటపడుదురు. ఆ వాద్యమునకు వెనుకనున్న మనుష్యులు ముఖ్యులు. తేషాన్ పొద్రుగోవిచ్ అనువాడు పూర్వము అడవులబట్టి తిరిగిన తిరుగుబాటుదారు. వూక్ కనుగొన్నప్పుడు రెల్లు కోసి కార్లోవ్త్సిలో అమ్ముకొని బ్రదుకుచుండెను. అతనికి పాడుట రాదు; పుస్తకము చదివినట్లు గేయములను చెప్పెడివాడు. ఫిలిప్ విష్నిచ్ అంధుడు. తిరుగుబాటు గాథలను తానే కట్టి పాడినవాడు. ముసలి మిలియా తలనిండ తురుష్కులతో పోరాడిన గాయములు గలవాడు. కల్లు గొంతు దిగినగాని, అనగా అక్కడి పండ్లసారాయి త్రాగినగాని నోరు విప్పడు. పాడుటయేగాని నింపాదిగా చెప్పుట యెఱుగడు. అతనివలన నాలుగు గేయములు వ్రాసికొనుటకు వూక్‌నకు రెండువారములు దాటెను. ఆ పిమ్మట అతడు చెప్పకయే వెడలిపోయెను. మఱుసటియేడు విచారింపగా మరణించెనని తెలిసెను.

కొసోవో యుద్ధగాథలలో మిక్కిలి కొనియాడబడినవి కొన్ని గ్ర్గురెవ్త్సి గ్రామపు అంధస్త్రీ యొకర్తెనుండి వచ్చినవి. ఆమె పేరు మనకు దక్కలేదు. గ్ర్గురెవ్త్సి గ్రుడ్డిది అని మాత్రమే గ్రంథములందు కలదు. 1823లో వూక్ గేటె మహాకవిని దర్శించెను. అదే యేట యేనా విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు బిరుద మిచ్చెను. మఱుసటియేడు యాకోబ్ గ్రిమ్ ఆయన వ్యాకరణమును జర్మనులోనికి తెచ్చెను. ఆ సన్మానములలో ఆ యంధురాలి పాలు ఎంత? వూక్ ఇతర గాయకుల పేళ్లను, ఊళ్లను, గుణములను శ్రద్ధగా వ్రాసిపెట్టెను. ఆ కాలమున అట్లు చేసినవారు అరుదు. అట్టివాని చేతనైనను ఒక స్త్రీ పేరు జారిపోయెను. మాకు అధికారమున్నయెడల ఆ పల్లెలో ఒక గది ఖాళీగా నుంచి, అది ఆమె గది యని గుమ్మముపై వ్రాయింతుము.

గుణములతోపాటు దోషములను చెప్పకున్న విమర్శనము స్తోత్ర మగును. సంస్కారమువలన కొంత నష్టమును జరిగినది. ముందటి తరముల మిశ్రభాషాగ్రంథములు క్రమముగా సామాన్యచదువరులకు దూరమయ్యెను. వానిలో చదువదగినవి లేకపోలేదు. సూక్ష్మభావములకు పల్లెమాటలు చాలవని వాదించిన విరోధులకును కొంత న్యాయము కలదు. క్రొత్త నిబంధనను తెనిగించినట్లు జనభాషలోనికి మార్చునప్పుడు వూక్ స్లావానిక్ మాటలు కొన్ని గైకొనెను, కొన్నింటిని మార్చుకొనెను, కొన్నింటిని తానే కల్పించెను. ఆ సంగతిని పీఠికలో లెక్కతో చెప్పుకొనెను. తాను పలికినట్లే వ్రాసితినని బుకాయింపక, ఎక్కడ పలుకు చాలలేదో చెప్పుట ఆయన నిజాయితీ.

ఇంతకంటె పెద్దదోషము వేఱొకటి కలదు. 1849లో ప్రకటించిన యొక వ్యాసమున, ష్టోకావియను మాండలికము మాటలాడువారు ఏ మతస్థులైనను సెర్బులేయని ఆయన తేల్చెను. భాషను కొలుచుటకు చేసిన కోలతో మనుష్యులను కొలిచెను. తమ్ము సెర్బులని తలపని వేలకొలది జనులు దీనిని ఒప్పుకొనలేదు. మఱుసటి యేడు, 1850లో, వియన్నాలో క్రొయేషియా పండితులతో కలిసి ఉమ్మడి సాహిత్యభాషకు ఒడంబడిక జరిగెను. కాని పేరు గూర్చిన తగవు నిలిచియే యున్నది. నేడు దాదాపు ఒకే పలుకు సెర్బియను, క్రొయేషియను, బోస్నియను, మాంటినీగ్రను అని నాలుగు పేళ్లతో నాలుగు రాజ్యములలో వ్యవహరింపబడుచున్నది. నీ పలుకు ఎట్లున్నదని అడిగి వినినంతకాలము వూక్ గురువు. నీ వెవ్వడవని తానే చెప్పబోయినప్పుడు ఆయనయు సామాన్యుడే.

ఆయన గృహజీవితమునకు తర్షిచ్‌లో చోటులేదు. ఉండుటకు వీలును లేదు. భార్య అన్నా వియన్నా నగరపు స్త్రీ. పదుమువ్వురు బిడ్డలు పుట్టగా తండ్రి మరణకాలమునకు మిగిలినవా రిద్దఱే: చిత్రకారిణియైన మీనా, కుమారుడు దిమిత్రియే. తాను దక్కవలెనని తోడేలు పేరు పెట్టుకొన్నవాని బిడ్డలు ఇట్లు పోయిరి. అద్దెయిండ్లలో, అప్పులలో, శవపేటికల నడుమ ఆ నిఘంటువు పెరిగెను. 1864లో వియన్నాలోనే మరణించెను. 1897లో ఆయన యస్థులను బెల్‌గ్రేడునకు తెచ్చి ప్రధానదేవాలయము ముందర దొసితేయ్ ఒబ్రాదోవిచ్ చెంత నుంచిరి. బ్రదికినన్నాళ్లు శంకించిన చర్చి ముంగిటనే విశ్రాంతి లభించెను. సంస్కర్తలకు ఇది క్రొత్త కాదు.

మేము మరలివచ్చు సమయమునకు బడిపిల్లల గుంపొకటి వచ్చెను. అందఱును ఇంటిముందు నిలిచి పటములు తీయించుకొనిరి. ఒక బాలుడు మాత్రము, ఏడెనిమిదేండ్లవాడు, గోడపలకకడ నిలిచి వ్రేలితో గుర్తుపెట్టుకొనుచు పైకి చదువుచుండెను. అక్షరమక్షరమును కూడబలుకుచున్నను ఎక్కడను తప్పలేదు. ఉపాధ్యాయిని దిద్దవలసిన పని కలుగలేదు. మేము ఇంగ్లీషు బోధించునప్పుడు అదే వయసు పిల్లలు పలుకని అక్షరములకడ తొట్రుపడి మామొగము చూచుట మాకు తెలియును. ఆ చూపులో తప్పు తమదే యను భయ ముండును. ఈ బాలుని మొగమున ఆ భయము లేదు. దూలములు, పొయ్యి, చెక్కపెంకులు మరల కట్టినవి. ఈ చదువు మాత్రము మరల కట్టినది కాదు. 1818నుండి తెగక వచ్చుచున్నది. మేము చూడవచ్చిన స్మారకము ఇదియే యని యప్పుడు గ్రహించితిమి.

తుదకు మా సంగతి. ఈ వ్యాసమును మేము గ్రాంథికముననే వ్రాసితిమి. ఇంటిలో, తరగతిలో ఇట్లు మాటలాడుటలేదు. చేయి అలవాటుపడినది, చెవి యొప్పుకొన్నది, ధైర్యము చాలలేదు అని చెప్పుట సత్యము. గిడుగువారు పర్లాకిమిడిలో వాడుకతెలుగునకై వాదించుటతో తృప్తిపడక, కొండలలో సవరల నోట వారి భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. తమది కాని పలుకును వినుటకు పోయినవారే తమ పలుకును నిజముగా వినగలరని ఇద్దఱి చరిత్రములును చెప్పుచున్నవి. మనయందు నేటికిని కోస్తా పట్టణముల పలుకు కొందఱికి శిష్టము, తెలంగాణా, రాయలసీమ, కళింగసీమల పలుకు నవ్వులాట. గ్రాంథికమును దించి ఒక సీమ వాడుకను ఆ గద్దెపై నెక్కించినంతమాత్రమున సంస్కారము ముగియదు. మేము బోధించు తరగతిలో ఒక పిల్లవాడు తన యింటిమాటను వ్రాసినప్పుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటకు ముందు, అది ఎవరి నోటిమాటయో అడుగవలెనని తర్షిచ్‌నుండి మేము నేర్చివచ్చిన పాఠము. హకారమునకు చోటిచ్చిన ఆ మహానుభావునకు మేము చెల్లింపగల గురుదక్షిణ యంతమాత్రమే.